సరిహద్దు రాయి లేని గోత్రం: హీబ్రూ లేఖనాల్లో వంశావళి, వారసత్వ యాజకత్వం

ఇది పాత నిబంధన బోధనకే జీవితాన్ని ధారపోసిన గురువుగారి పేర జరిగే స్మారకోపన్యాసం. ఆయన పాఠం విన్నవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. అందరూ పేజీ తిప్పేసే చోటనే ఆయన ఆగేవారని వారికి తెలుసు. దినవృత్తాంతముల మొదటి గ్రంథంలోని తొలి తొమ్మిది అధ్యాయాలు, సంఖ్యాకాండపు జనాభా లెక్కలు, ఎజ్రా రెండో అధ్యాయం ఆయనకు ప్రాణం. ఈ సాయంత్రపు అంశాన్ని అక్కడి నుంచే తీసుకున్నాను.

వంశావళి అనగానే అది రక్తసంబంధాల చిట్టా అనుకుంటాం. పూర్వులను తలచుకోవడం కోసం, కులగౌరవం చెప్పుకోవడం కోసం రాసుకున్నదనుకుంటాం. హీబ్రూ లేఖనాల్లో, ముఖ్యంగా యాజకుల విషయంలో, దాని పని అది కాదని నా ప్రతిపాదన. అక్కడ వంశావళి భూమికి బదులుగా నిలిచిన హక్కుపత్రం. పొలం ఉన్నవాడి హక్కును పొలం గట్టే చెబుతుంది. పొలం లేనివాడి హక్కును తాత పేరు చెప్పాలి. ఇశ్రాయేలులో మొదట ఈ స్థితిలో ఉన్నది ఒక్క లేవి గోత్రం. చెరలోకి పోయిన తరువాత జనమంతా ఆ స్థితికి వచ్చారు. వంశావళుల గ్రంథాలు ఆ తరువాతే అంత విస్తారంగా పెరగడానికి మూలం ఇక్కడుందని నా అభిప్రాయం.

యెహోషువ గ్రంథం పదమూడు నుంచి పంతొమ్మిది అధ్యాయాలు చూడండి. యూదాకు దక్షిణాన ఏ సముద్రపు కొన, ఉత్తరాన ఏ లోయ, ఏ కొండ వాలు మీదుగా గీత పోతుందో గ్రామ కరణం రాసినంత వివరంగా ఉంటుంది. లేవీయుల వంతు వచ్చేసరికి సరిహద్దు లేదు. ఇరవై ఒకటో అధ్యాయం వారికి ఇతర గోత్రాల మధ్య 48 పట్టణాలను, వాటి చుట్టూ పశువుల మేత భూములను ఇస్తుంది. వాటిలో 13 అహరోను సంతతివి. దేశంలో మీకు స్వాస్థ్యం లేదు, నేనే మీ స్వాస్థ్యం అని సంఖ్యాకాండం పద్దెనిమిదో అధ్యాయంలో దేవుడు అహరోనుతో అన్న మాటకు లోకవ్యవహారంలో అర్థం ఇదే. జనం దశమ భాగం లేవీయులకిస్తారు. అందులో మళ్లీ దశమ భాగం లేవీయులు యాజకులకిస్తారు. ఈ ఏర్పాటులో ఎవడు లేవీయుడు, వారిలో ఎవడు అహరోను సంతతి అన్న ప్రశ్న ఇంట్లో రొట్టె ఉంటుందా లేదా అన్న ప్రశ్న. అందుకే జవాబు రాతలో ఉండాలి.

ఈ గోత్రానికి ఆ స్థానం ఎలా వచ్చిందో చెప్పే కథలు మాత్రం వంశగౌరవానికి ఏమంత అనుకూలంగా లేవు. ఆదికాండం ముప్పై నాలుగులో షిమ్యోను, లేవి కత్తులు పట్టి షెకెము పురుషులను మోసంతో చంపుతారు. మరణశయ్య మీద యాకోబు వారిని ఆశీర్వదించకపోగా, వారి కోపాన్ని శపించి ఇశ్రాయేలులో చెదరగొడతానంటాడు. లేవీయులు భూమి లేక చెదిరి ఉండటానికి లేఖనం చెప్పే మొదటి కారణం శాపం. అదే చెదిరిన స్థితి తరువాత సేవగా మారుతుంది. బంగారు దూడ ఘట్టంలో, నిర్గమకాండం ముప్పై రెండో అధ్యాయంలో, మోషే పిలుపుకు వచ్చి చేరిన లేవీయులు అన్నదమ్ములని చూడకుండా సుమారు 3,000 మందిని చంపారు. ఆనాడే వారు ప్రతిష్ఠితులయ్యారు. ద్వితీయోపదేశకాండం ముప్పై మూడులో మోషే లేవిని దీవిస్తూ ఎంచి పొగిడేది కూడా ఈ గుణాన్నే: తల్లిదండ్రులను ఎరగనన్నాడు, సోదరులను గుర్తించలేదు, కన్నపిల్లలను తెలియదన్నాడు. పుట్టుకతో హక్కు పొందిన గోత్రం ఆ హక్కును పుట్టుక బంధాన్ని తెంచుకుని సంపాదించిందని గ్రంథమే చెబుతోంది. అహరోను మనవడు ఫీనెహాసుకు నిత్య యాజకత్వపు నిబంధన దక్కింది కూడా ఈటె పట్టినందుకే. ఈ వైరుధ్యాన్ని సంకలనకర్తలు దాచలేదు. దాన్ని చక్కబెట్టాలని చూసే వ్యాఖ్యాతల కంటే వారి నిజాయితీయే నాకు ఎక్కువ నచ్చుతుంది.

ఒక వంశావళిని దగ్గరగా చూద్దాం. నిర్గమకాండం ఆరో అధ్యాయం, 14 నుంచి 25 దాకా వచనాలు. మోషే ఫరో ముందుకు వెళ్లబోతున్నాడు. కథ ఉత్కంఠలో ఉండగా ఒక జాబితా అడ్డు వస్తుంది. యాకోబు కుమారులను వరుసగా చెప్పబోతున్నట్టు రూబేనుతో మొదలవుతుంది. షిమ్యోను, తరువాత లేవి. అక్కడితో ఆగిపోతుంది. మిగిలిన తొమ్మిది మంది ఊసే లేదు. లేవికి గెర్షోను, కహాతు, మెరారి. కహాతుకు అమ్రాము. అమ్రాము యోకెబెదును పెళ్లాడగా అహరోను, మోషే పుట్టారు. మనం ఎదురుచూసేది మోషే భార్యాబిడ్డల పేర్లు. అవి లేవు. అహరోను భార్య పేరుంది: అమ్మీనాదాబు కుమార్తె, నయస్సోను సహోదరి ఎలీషెబ. అంటే యూదా గోత్రపు అధిపతి ఇంటి ఆడపడుచు. వారి కుమారులు నాదాబు, అబీహు, ఎలియాజరు, ఈతామారు. కోరహు కుమారులు ముగ్గురి పేర్లూ ఉన్నాయి. చివర ఎలియాజరు కొడుకు ఫీనెహాసు. మోషేను పరిచయం చేయడానికి అన్నట్టు మొదలైన జాబితా ఫీనెహాసు దగ్గర ముగిసింది. ఇది చదివినవాడికి అనుమానం అక్కర్లేదు. ఇది యాజకత్వం ఎవరి చేతికి చేరాలో చెప్పడానికి రాసిన పత్రం. మోషేకు గెర్షోము, ఎలీయెజెరు అని కొడుకులున్నారు. వారికి ఇక్కడ పని లేదు కనుక చోటు లేదు.

మోషే సంతతి సంగతి న్యాయాధిపతుల గ్రంథంలో మరోచోట తేలుతుంది. ఎఫ్రాయిము మన్యంలో మీకా అనే గృహస్థుడు సొంత మందిరం కట్టుకుని తన కొడుకునే యాజకుణ్ణి చేసుకున్నాడు. ఎవరూ ఆక్షేపించలేదు. తరువాత బేత్లెహేము నుంచి నివాసం వెతుక్కుంటూ ఒక లేవీయ యువకుడు వచ్చాడు. ఏడాదికి పది వెండి నాణేలు, బట్టలు, భోజనం అని మాట్లాడుకున్నారు. లేవీయుడు దొరికాడు కనుక ఇక దేవుడు మేలు చేస్తాడని మీకా సంబరపడ్డాడు. సొంత కొడుకైనా సరిపోయే కాలం అది. కాకపోతే లేవీయుడైతే మరింత మేలు. భూమి లేని గోత్రపు యువకుడు ఊరూరా బతుకుతెరువు కోసం తిరగడం, వంశం పేరు అతనికి అర్హతగా పనికి రావడం, రెండూ ఈ కథలో ఒకేచోట కనిపిస్తాయి. పద్దెనిమిదో అధ్యాయం ముప్పయ్యో వచనం దాకా అతని పేరు చెప్పరు. అప్పుడు చెబుతారు: గెర్షోము కుమారుడు యోనాతాను. గెర్షోము తండ్రి పేరు దగ్గర హీబ్రూ లేఖకులు ఒక పని చేశారు. మోషే అన్న పేరు మధ్య ‘నూన్’ అనే అక్షరాన్ని పంక్తి కంటే కాస్త పైకి వేలాడదీసి రాశారు. దానితో కలిపి చదివితే మనష్షే, లేకుండా చదివితే మోషే. విగ్రహం దగ్గర కూలికి కుదిరిన యాజకుడు మోషే మనవడని చెప్పడం వారికి కష్టమైంది. చెరిపేయడం అంతకన్నా కష్టమైంది. అక్షరాన్ని పైకి ఎత్తి వదిలేశారు. నేటికీ హీబ్రూ ప్రతులలో అది అలాగే ఉంటుంది.

సేవల పంపకం గురించి కొంత చెప్పాలి. సంఖ్యాకాండం మూడు, నాలుగు అధ్యాయాల్లో ప్రత్యక్షపు గుడారపు మోతబరువు శాఖల వారీగా పంచారు. గెర్షోనీయులవి తెరలు, కప్పులు. మెరారీయులవి పలకలు, స్తంభాలు, దిమ్మలు. కహాతీయులవి మందసం, బల్ల, దీపస్తంభం, బలిపీఠాలు. ఏడో అధ్యాయంలో బండ్లు వచ్చినప్పుడు గెర్షోనుకు రెండు, మెరారికి నాలుగు ఇచ్చి, కహాతుకు ఒక్కటీ ఇవ్వలేదు. వారు భుజాల మీదే మోయాలి. అహరోను కుమారులు కప్పిన తరువాతే వారు ఆ వస్తువుల దగ్గరకు రావాలి. ముట్టినా చూసినా చావే. గౌరవం ఎక్కువైన శాఖకు సౌకర్యం తక్కువ, ప్రమాదం ఎక్కువ. ముప్పై ఏళ్ల నుంచి యాభై ఏళ్ల లోపు సేవకు లెక్కకు వచ్చినవారు మొత్తం 8,580 మంది. పుట్టుక ఒక్కటే చాలదన్న షరతు కూడా తొలి నుంచీ ఉంది. లేవీయకాండం ఇరవై ఒకటి ప్రకారం అంగలోపమున్న అహరోను సంతతివాడు బలిపీఠం దగ్గరకు రాకూడదు. కాని పరిశుద్ధమైన ఆహారం తినవచ్చు. పుట్టుక తిండికి హక్కునిస్తుంది, పీఠానికి కాదు. ఆ నియమం నేటి మనస్సుకు కఠినంగా తోచడం సహజం. అయితే వంశపు హక్కును, సేవ హక్కును వేరు చేసి చూడటం అప్పటికే ఉందని ఇది చూపిస్తుంది.

రాజుల కాలానికి వస్తే వారసత్వం ఎంత వంగగలదో కనబడుతుంది. ఏలీ ఇల్లు షిలోహులో యాజకత్వం చేసింది. అతని కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు బలిమాంసాన్ని బలవంతంగా గుంజుకున్నందుకు ఆ ఇంటికి తీర్పు వచ్చింది. నోబులో దోయేగు చేతిలో 85 మంది యాజకులు చనిపోగా తప్పించుకున్న ఒక్కడు ఆ ఇంటివాడైన అబ్యాతారు. అతను కష్టకాలమంతా దావీదుతో ఉన్నాడు. కాని వారసత్వ పోరులో అదోనీయా పక్షం చేరాడు. సొలొమోను అతణ్ణి అనాతోతుకు, తన పొలానికి పొమ్మన్నాడు. అతనితో పాటు యాజకుడుగా ఉన్న సాదోకు ఒక్కడే మిగిలాడు. ఇక్కడ జరిగింది రాజకీయం. సమూయేలు రెండో గ్రంథంలో అహీటూబు కుమారుడని తప్ప పూర్వోత్తరాలేవీ లేకుండా కనబడే సాదోకుకు, దినవృత్తాంతములు ఆరో అధ్యాయం ఎలియాజరు, ఫీనెహాసుల నుంచి తెగని గొలుసు అల్లి ఇస్తుంది. ముందు పదవి, తరువాత పత్రం. అదే గ్రంథకర్త మరోచోట చేసిన మార్పు కూడా గమనించదగినది. సమూయేలు రెండో గ్రంథం ఎనిమిదో అధ్యాయం చివర, హీబ్రూ మూలంలో, దావీదు కుమారులు యాజకులని ఉంది. దినవృత్తాంతములలో ఆ వాక్యం వచ్చేసరికి వారు రాజు పక్కనుండే ముఖ్యులయ్యారు. యూదా గోత్రపువాడు యాజకుడనడం ఆ కాలానికి చెల్లని మాట.

క్రీ.పూ. 622లో యూదా రాజు యోషీయా ఉన్నతస్థలాలను మూసేశాక పల్లెల యాజకులకు పని పోయింది. వారు యెరూషలేము బలిపీఠం ఎక్కలేదని, తమ సోదరుల మధ్య పులియని రొట్టె మాత్రం తిన్నారని రాజుల రెండో గ్రంథం చెబుతుంది. చెరలో యెహెజ్కేలు ఇంకా ముందుకు పోయి సాదోకు సంతతికే సన్నిధి సేవ అంటాడు.

క్రీ.పూ. 586లో మందిరం కాలిపోయింది. గట్లు, కొండవాలు గీతలు, 48 పట్టణాలు అన్నీ పోయాయి. 538లో పారసీక రాజు కోరెషు ఆజ్ఞ తరువాత తిరిగి వచ్చినవారి జాబితా ఎజ్రా రెండో అధ్యాయం. అందులో రెండు రకాల లెక్క ఉంది. కొందరు ఫలానావారి సంతతి అని. కొందరు ఫలానా ఊరివారు అని: బేత్లెహేమువారు 123 మంది, నెటోపావారు 56 మంది, అనాతోతువారు 128 మంది. తాత పేరైనా చెప్పాలి, ఊరి పేరైనా చెప్పాలి. తేల్మెలహు, తేల్హర్షా మొదలైన చోట్ల నుంచి వచ్చిన దెలాయ్యా, టోబీయా, నెకోదా సంతతులవారు 652 మంది ఈ రెండింటిలో ఏదీ రుజువు చేయలేకపోయారు. వారిని ఏం చేశారు? ఏమీ చేయలేదు. లెక్కలో రాసుకుని ముందుకు పోయారు. వెంటనే తరువాతి వచనాల్లో యాజకులలో మూడు కుటుంబాలు వస్తాయి: హబాయ్యా, హక్కోజు, బర్జిల్లయి. వారు వంశావళుల పుస్తకంలో తమ పేర్లు వెతుక్కున్నారు, దొరకలేదు. వారిని యాజకత్వం నుంచి తప్పించారు. దేవుని నిర్ణయం అడిగి తెలుసుకునే ఊరీము తుమ్మీము ధరించిన యాజకుడు వచ్చేదాకా అతిపరిశుద్ధమైనవి తినకూడదని అధికారి ఆజ్ఞ. ఒకే లోపం, రెండు తీర్పులు. సామాన్యుడి పౌరసత్వానికి పత్రం లేకున్నా సాగింది, బల్ల దగ్గర చోటుకు మాత్రం పత్రం లేనిదే కుదరలేదు.

బర్జిల్లయి కుటుంబం గురించి లేఖనం ఇంకొక వివరమిస్తుంది. ఆ మూలపురుషుడు గిలాదువాడైన బర్జిల్లయి కుమార్తెలలో ఒకతెను పెళ్లాడి ఆ పేరే పెట్టుకున్నాడు. దావీదు పారిపోయినప్పుడు యొర్దాను అవతల పరుపులు, గోధుమలు, తేనె తెచ్చి ఆదుకున్న మహాధనవంతుడు ఆ బర్జిల్లయి. మన భాషలో చెప్పాలంటే ఇల్లరికం వెళ్లి మామగారి ఇంటిపేరు తీసుకున్నాడు. భూమి లేని గోత్రంలో పుట్టినవాడు భూమి ఉన్న ఇంట్లో చేరాడని అనుకోవడం అన్యాయం కాదు. తరాల తరువాత భూమీ మిగల్లేదు, పీఠమూ దక్కలేదు. ఈ అధ్యాయమంతటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు నిలబెట్టేది ఈ వచనమే.

హక్కోజు ఇంటి సంగతి వేరుగా ముగిసినట్టుంది. నెహెమ్యా మూడో అధ్యాయంలో హక్కోజు కుమారుడైన ఊరియా కుమారుడు మెరేమోతు గోడ రెండు చోట్ల బాగు చేశాడు. ఎజ్రా ఎనిమిదిలో మందిరపు వెండి బంగారాలను తూచి అప్పగించింది యాజకుడైన ఊరియా కుమారుడు మెరేమోతు చేతికి. దినవృత్తాంతములు ఇరవై నాలుగులోని యాజకుల 24 తరగతులలో ఏడో చీటి హక్కోజుది. ఇవన్నీ ఒకే కుటుంబానివైతే, పుస్తకంలో దొరకని ఇల్లు పని వల్ల తిరిగి పుస్తకంలోకి ఎక్కింది.

ఆ తిరిగి వచ్చినవారిలో యాజకులు 4,289 మంది. మొత్తం 42,360 మందిలో ఇంచుమించు పదోవంతు. లేవీయులు ఎంతమంది? 74. తరువాత ఎజ్రా అహవా నది దగ్గర జనాన్ని సమకూర్చి చూస్తే ఒక్క లేవీయుడూ లేడు. కాసిప్యాకు మనుషుల్ని పంపి బతిమాలి పిలిపిస్తే 38 మంది వచ్చారు. పై మెట్టు వంశానికి ఉత్సాహం ఉంటుంది. కింది మెట్టు సేవకు వారసత్వం ఉన్నా ఆశ ఎందుకుంటుంది? వారసత్వ వృత్తుల చరిత్రలో దీనిని మించిన నిష్కర్షయైన సాక్ష్యం నాకు కనపడలేదు.

ఇక దినవృత్తాంతముల కర్త. అతని ఆరో అధ్యాయం 81 వచనాలు లేవి వంశానివే. నఫ్తాలికి ఒకే ఒక్క వచనం. జెబూలూను వంశానికి అదీ లేదు. అతను లేవి ఇంటి తలుపు ఎంత వెడల్పుగా తెరిచాడో సమూయేలు విషయంలో చూడవచ్చు. సమూయేలు తండ్రి ఎల్కానా ఎఫ్రాయిము మన్యపువాడు, పూర్వులు ఎఫ్రాయిమీయులుగా కనిపిస్తారు. దినవృత్తాంతములలో అతని వంశం కహాతు శాఖలో కుదిరింది. గుడారంలో పడుకుని బలిపీఠ సేవ చేసినవాడు లేవీయుడు కాకపోవడం కుదరదు గదా. ఆ గొలుసు మధ్యలో ఉన్న పేరు మరీ ఆశ్చర్యకరం: కోరహు. అహరోను హక్కును ప్రశ్నించి, 250 మందితో ధూపార్తులు పట్టి నిలిచి, నశించినవాడు. ఆ ధూపార్తులను రేకులుగా సాగగొట్టి బలిపీఠానికి తొడిగారు. కోరహు కుమారులు చావలేదని సంఖ్యాకాండం ఇరవై ఆరులో ఒక్క చిన్న వచనం. ఆ వంశంలోనే గాయకుడు హేమాను. కోరహు సంతతివారు ద్వారపాలకులు కూడా. కీర్తనల గ్రంథంలో 11 కీర్తనల శీర్షికల్లో కోరహు కుమారుల పేరు ఉంది. తిరుగుబాటు చేసిన ఇంటిని వంశావళి వెలివేయలేదు, పాట అప్పగించింది. వడపోతకే పుట్టినట్టు కనిపించే ప్రక్రియ ఇంతమందిని లోపలికి తీసుకుందంటే దాని స్వభావం గురించి మన తొలి అభిప్రాయాన్ని మార్చుకోవాలి.

తరువాతి చరిత్రను క్లుప్తంగా చెబుతాను. క్రీ.పూ. 152లో హస్మోనీయుడు యోనాతాను ప్రధాన యాజకుడయ్యాడు. అతనిది యెహోయారీబు తరగతి, అంతవరకు ఆ పదవిలో ఉన్న ఇల్లు కాదు. అదే తరగతిలో పుట్టిన చరిత్రకారుడు జోసీఫస్ తన వంశాన్ని ప్రభుత్వ దస్త్రాల నుంచి ఎత్తి రాశానంటాడు. ఈజిప్టు, బబులోనులలో ఉన్న యాజకులు కూడా పెళ్లి వివరాలు యెరూషలేముకు పంపేవారని, యుద్ధాల తరువాత మిగిలినవారు పాత ప్రతుల నుంచి కొత్తవి తయారు చేసేవారని చెబుతాడు. మిష్నా ప్రకారం చెక్కిన రాళ్ల గదిలో పెద్దలు విచారణకు కూర్చునేవారు. వంశంలో దోషం తేలినవాడు నలుపు కట్టుకుని వెళ్లిపోయేవాడు, తేలనివాడు తెలుపు కట్టుకుని సోదరులతో సేవలో చేరేవాడు. క్రీ.శ. 70లో ఆ గదీ, ఆ దస్త్రాలూ, ఆ సేవా పోయాయి. అయినా జాబితా పోలేదు. 1962లో కైసరయలో దొరికిన పాలరాతి శకలాల మీద 24 తరగతులను, గలిలయలో వాటికి చెందిన ఊళ్లతో సహా చెక్కి ఉంచారు. ఒక పంక్తిలో నజరేతు పేరు ఉంది. మందిరం కాలిన కొన్ని శతాబ్దాల తరువాత చేసిన పని అది.

మందిరం పోయాక అధికారం ఎవరిదన్న ప్రశ్నకు మిష్నాలోని హోరాయోత్ భాగం జవాబిచ్చింది. గౌరవపు వరుసలో యాజకుడు లేవీయుని కంటే ముందు. అయితే అక్రమ సంతానమైనా ధర్మశాస్త్రం ఎరిగినవాడు, అది ఎరగని ప్రధాన యాజకుని కంటే ముందు. ఈ తీర్పు చెప్పినవారు యాజక వంశాన్ని రద్దు చేయలేదు. నేటికీ సమాజమందిరంలో ధర్మశాస్త్ర పఠనానికి మొదట పిలిచేది అహరోను సంతతివాడినే, రెండోది లేవీయుణ్ణి. సంఖ్యాకాండం ఆరులోని దీవెన చదివేదీ అహరోను సంతతివారే. మర్యాద వంశానికి, తీర్పు విద్యకు అని పంచుకున్నారు.

తెలుగులో పాత నిబంధన బోధించే మిత్రులకు ఒక్క మనవి చేసి సెలవు తీసుకుంటాను. ఎజ్రా రెండో అధ్యాయాన్ని, నెహెమ్యా ఏడో అధ్యాయాన్ని, దినవృత్తాంతములు ఆరో అధ్యాయాన్ని ఒక తరగతిలో పక్కపక్కన పెట్టి చదివించండి. ఆసాపు వంశపు గాయకులు ఒకచోట 128, మరోచోట 148 అని ఉన్నప్పుడు తొందరపడి సర్దిచెప్పకండి. ఎజ్రా ఏడో అధ్యాయంలో ఎజ్రా వంశావళి నుంచి ఆరు పేర్లు ఎందుకు జారిపోయాయో విద్యార్థులనే వెతకనివ్వండి. వ్యాఖ్యానం చెప్పడం ఆ తరువాత చేయవచ్చు.